పెస్టర్ అనే మాట ఎక్కడిది?

అడిగిన ప్రశ్న ఇది: "ఇంగ్లీషు నవలల్లో 'పెస్టర్' అనే క్రియ తరచూ కనిపిస్తోంది. పెస్టిసైడ్‌లో ఉన్న పెస్ట్ నుంచే ఇది వచ్చిందా? పెస్టర్, నాగ్, బాడ్జర్, హెరాస్, ఇంపోర్ట్యూన్ అన్నిటికీ నిఘంటువులో 'వేధించు' అనే అర్థం ఇస్తే తేడా ఎలా తెలుస్తుంది? ఆఫీసు మెయిల్‌లో 'సారీ టు పెస్టర్ యూ' అని రాయొచ్చా?"

మొదటిదానికి సూటిగా జవాబు చెప్పేస్తాను. పెస్ట్ నుంచి రాలేదు. పెస్ట్ అంటే చీడ, మహమ్మారి. లాటిన్‌లో పెస్టిస్ దానికి మూలం. పెస్టర్ మూలం వేరే చోట, మేత మేసే గుర్రం కాళ్ళ దగ్గర ఉంది. కానీ ఈ రెండు మాటలూ ఒకే కాలంలో ఇంగ్లీషులో పక్కపక్కన బతికాయి కాబట్టి ఒకదాని వాసన ఇంకొకదానికి అంటుకుంది. మీకు ఆ అనుమానం రావడం సహజమే. నాలుగైదు శతాబ్దాలుగా ఇంగ్లీషువాళ్ళకూ అలాగే అనిపిస్తూ వచ్చింది, ఆ అనిపించడం వల్లే మాట అర్థం కూడా కొంత మారింది.

లాటిన్‌లో పాస్కెరే అంటే మేపడం. దాని నుంచి పాస్టర్, అంటే కాపరి. చర్చిలో పాస్టర్ అని పిలిచేది ఈ మాటతోనే, ఆయన విశ్వాసుల మందకు కాపరి అన్న భావంతో. పచ్చికబయలును పాస్చర్ అనడమూ ఇందులోంచే. భోజనానికి రిపాస్ట్ అనే పాతకాలపు మాట ఒకటుంది, అదీ ఈ కుటుంబమే. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ ఇంటిపేరుకి అర్థం కాపరి అనే, కాబట్టి పాశ్చరైజ్డ్ పాల పాకెట్ మీద ఉన్న మాట కూడా దూరపు చుట్టమే. పాస్తాను మాత్రం ఇందులో కలపకండి, దాని దారి గ్రీకు వైపు పోతుంది.

మధ్యయుగాల లాటిన్‌లో ఈ కాపరి మాట నుంచే పాస్టోరియా అని ఇంకొకటి పుట్టింది. మేతకు వదిలిన పశువు పారిపోకుండా కాళ్ళకు వేసే బంధం అది. గుర్రాన్ని బయట మేతకు వదలాలంటే రెండు చిక్కులు. గుంజకు కట్టేస్తే తాడు పొడవు వరకే మేస్తుంది. వదిలేస్తే తెల్లారేసరికి ఎక్కడుంటుందో తెలియదు. అందుకని ముందరి కాళ్ళు రెంటికీ, గిట్టలకు కాస్త పైన, చెరో ఉచ్చు తొడిగి మధ్యలో జానెడో మూరెడో పట్టీ ఉంచుతారు. గుర్రం నిలబడగలదు, తల వంచి మేయగలదు, చిన్నచిన్న అడుగులు వేయగలదు. పరుగెత్తలేదు, అంతే. నొప్పి పెట్టదు, గాయం చేయదు. ప్రతి అడుగుకీ కాస్త అడ్డుపడుతుంది. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

ఇలా బంధం వేయడానికి జనం నోట్లో ఇంపాస్టోరియారే అనే క్రియ ఉండి ఉంటుందని భాషాశాస్త్రవేత్తలు ఊహించి కట్టారు. అది రాతలో దొరికిన రూపం కాదు. దాని నుంచి పాత ఫ్రెంచిలో ఎంపెస్ట్రే వచ్చింది. అర్థం కాళ్ళకు బంధం వేయడం, ఆపైన చిక్కుల్లో పడేయడం. ఇప్పటి ఫ్రెంచిలో అదే ఎంపెట్రే. మధ్యలో ఉన్న 'స' రాలిపోయి, దాని గుర్తుగా అచ్చు మీద చిన్న టోపీ మిగిలింది. ఇంగ్లీషు హాస్పిటల్, ఫారెస్ట్ లలో ఉన్న 'స' ఫ్రెంచిలో టోపీగా మారినట్టే ఇదీ. తన అబద్ధాల్లో తానే ఇరుక్కున్నవాడి గురించి చెప్పడానికి ఫ్రెంచివాళ్ళు ఈ క్రియను నేటికీ వాడతారు.

అది ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు మొదటి అక్షరం ఊడిపోయింది. ఇది వాళ్ళకు మామూలే. డిస్‌పోర్ట్ నుంచి స్పోర్ట్ మిగిలింది, డిఫెండ్ నుంచి ఫెండ్, ఎస్క్వయర్ నుంచి స్క్వయర్. అలాగే ఎంపెస్టర్ తల పోగొట్టుకుని పెస్టర్ అయింది. ఇదంతా 16వ శతాబ్దం తొలి సగంలో.

మనకు ఈ ప్రయాణం అర్థం చేసుకోవడం ఎవరికన్నా తేలిక. ముందరికాళ్ళకు బంధం వేయడం అని మనం రోజూ అంటాం. పని మొదలుపెట్టకముందే "అలా అయితే ఏంటి, ఇలా అయితే ఏంటి" అని అడ్డుపడేవాళ్ళ గురించి చెప్పేటప్పుడు గుర్రం ఎవరికీ గుర్తుకు రాదు. ఆవు మెడలో వేసే గుదిబండ కూడా అంతే, భారమైన బాధ్యతకు పేరైపోయింది. పశువును కట్టే సరంజామా మనిషి కష్టాలకు పేరవడం రెండు భాషల్లోనూ జరిగింది. అయితే మన బంధం అడ్డంకి దగ్గర ఆగింది, వాళ్ళ బంధం ఇంకో మెట్టు దాటి విసుగు దాకా వెళ్ళింది.

ఆ మెట్టు ఒక్కసారిగా ఎక్కింది కాదు. మొదట్లో ఇంగ్లీషు పెస్టర్‌కి విసిగించడం అనే అర్థమే ముఖ్యం కాదు. చిక్కుబడేలా చేయడం, కిక్కిరిసిపోవడం, అడుగు తీసి అడుగు వేయలేనంతగా నింపేయడం, ఇవీ దాని అర్థాలు. ఆ కాలపు నావికులు ఈ మాటను బాగా వాడేవారు. ఓడ డెక్ మీద పెట్టెలూ పీపాలూ పేరుకుపోయి మనిషి తిరగడానికి చోటు లేకపోతే ఓడ పెస్టర్ అయిందనేవారు. అక్కడ ఎవరూ ఎవర్నీ విసిగించడం లేదు, సామానే కాళ్ళకు అడ్డం పడుతోంది.

ఈ పాత అర్థానికి నాకు బాగా నచ్చే సాక్ష్యం ఇంగ్లీషు కవి మిల్టన్‌ది. 1634లో లడ్లో కోటలో ప్రదర్శించిన కోమస్ అనే నాటకం ఆరంభంలో ఒక దివ్యాత్మ భూలోకం గురించి చెబుతూ, మనుషులు ఈ పిన్‌ఫోల్డ్‌లో ఇరుక్కుని పెస్టర్ అయి ఉన్నారంటుంది. పిన్‌ఫోల్డ్ అంటే దారితప్పిన పశువుల్ని తోలి పెట్టే చోటు, మన బందెలదొడ్డి. మిల్టన్‌కి లాటిన్, ఫ్రెంచి రెండూ క్షుణ్ణంగా వచ్చు. పశువుల దొడ్డి పక్కన పశువు బంధం నుంచి పుట్టిన మాటను పెట్టడం కాకతాళీయమని నేను నమ్మలేను. తెలియకుండా పడి ఉంటే మాత్రం అంతకన్నా మంచి యాదృచ్ఛికం ఉండదు.

షేక్‌స్పియర్ దగ్గర రెండు అర్థాలూ దొరుకుతాయి. కోరియొలేనస్‌లో అల్లరి మూకలు వీధుల్ని పెస్టర్ చేస్తాయి, అంటే వీధులు నిండిపోయి నడవడానికి దారి ఉండదు. హామ్లెట్‌లో రాజు క్లాడియస్, తన తండ్రి పోగొట్టుకున్న భూములు తిరిగి ఇచ్చేయమంటూ నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్ అదేపనిగా కబుర్లు పంపుతున్నాడని చెబుతూ ఇదే మాట వాడతాడు. ఇది అచ్చంగా మనం ఇవాళ వాడే పెస్టర్. పదే పదే అడగడం, ఒకే విషయం మీద అడగడం, వినేవాడికి చిరాకు రావడం, మూడూ అందులో ఉన్నాయి.

ఈ మార్పులో పెస్ట్ పాత్ర ఎంత? పెస్ట్ కూడా 16వ శతాబ్దంలోనే ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పటి అర్థం ప్లేగు. 1592, 1593లలో లండన్‌లో ప్లేగు వచ్చి నాటకశాలలు మూసేశారు, 1603లో మళ్ళీ వచ్చింది. ఆ రోజుల్లో ఆ మాట జనం నాలుక మీద ఆడుతూనే ఉండి ఉంటుంది. పెస్టర్ అని వినగానే పెస్ట్ తగలకుండా ఎలా ఉంటుంది? చిక్కుల్లో పడేయడం అన్న అర్థం పీడించడం వైపు ఒరగడానికి ఈ సారూప్యం తోడైందని నిఘంటుకారులు చెబుతారు. తర్వాత పెస్ట్ కూడా మెత్తబడింది. మహమ్మారి కాస్తా పంటకు పట్టే పురుగైంది, ఆ తర్వాత ఇంట్లో అల్లరి చేసే పిల్లవాడికీ పేరైంది. ఇప్పుడు "డోంట్ బి ఎ పెస్ట్" అన్నా "డోంట్ పెస్టర్ మీ" అన్నా చెప్పేది ఒకటే. పుట్టుకలో సంబంధం లేకపోయినా కాపురం కలిసిందన్నమాట.

ఇంకొకటి కూడా తోడైందని నా అనుమానం, దీన్ని నా అభిప్రాయంగానే తీసుకోండి. ఇంగ్లీషులో మళ్ళీ మళ్ళీ జరిగే చిన్న పనుల్ని చెప్పే క్రియలు చాలావాటి చివర ఇదే 'అర్' ధ్వని ఉంటుంది. చాటర్, ఫ్లటర్, గ్లిటర్, స్టటర్. పెస్టర్ చివరి ధ్వని ఫ్రెంచి నుంచి వచ్చిందే అయినా, ఇంగ్లీషు చెవికి అది ఈ వరసలో చక్కగా కూర్చుంటుంది. ఒక్కసారి అడిగితే పెస్టర్ కాదు, పదిసార్లు అడిగితేనే.

కాలి బంధానికి సంబంధించిన కథ ఇంకొకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. బంధం వేసే చోటుకి, అంటే గుర్రం గిట్టకు కాస్త పైన ఉండే భాగానికి, ఇంగ్లీషులో పాస్టర్న్ అని పేరు. కట్టే తాడు పేరే కట్టే చోటుకి వచ్చింది. శామ్యూల్ జాన్సన్ 1755లో అచ్చేసిన తన మహా నిఘంటువులో ఆ మాటకు గుర్రం మోకాలు అని అర్థం రాశాడు. అది తప్పు. ఒకావిడ ఆయన్ని పట్టుకుని అలా ఎందుకు రాశారని అడిగితే, పెద్ద సమర్థన ఇస్తాడని అందరూ ఎదురుచూస్తుండగా, "అజ్ఞానం, అమ్మా, వట్టి అజ్ఞానం" అన్నాడట. ఆయన జీవితచరిత్ర రాసిన బాస్వెల్ చెప్పిన ముచ్చట ఇది.

ఇక మీ రెండో ప్రశ్న. అన్నిటికీ వేధించు అని రాసేయడం నిఘంటువుల సోమరితనం. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చిన అనువాదాలు దిద్దుతున్నప్పుడు నేను ఎక్కువగా కొట్టేసే మాటల్లో ఇదొకటి. వేధించడంలో బాధ పెట్టాలన్న ఉద్దేశం ఉంది. పత్రికల్లో వేధింపులు అనగానే కేసు, పోలీసు స్టేషను గుర్తుకొస్తాయి. కొత్త బొమ్మ కొనివ్వమని తల్లి కొంగు పట్టుకుని తిరిగే నాలుగేళ్ళ పిల్ల తల్లిని వేధించడం లేదు, సతాయిస్తోంది. పెస్టర్‌కి నేను వేసే మొదటి మాట సతాయించడమే. సందర్భాన్ని బట్టి విసిగించడం, ప్రాణం తీయడం, బుర్ర తినడం కూడా సరిపోతాయి. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇక్కడే పనికొస్తుంది. గాయం చేయదు, అడుగడుక్కీ అడ్డుపడుతుంది. పెస్టర్ చేసేవాడి ఉద్దేశం మిమ్మల్ని బాధపెట్టడం కాదు, తనకు కావలసింది రాబట్టుకోవడం. మీ పని మాత్రం సాగదు.

హెరాస్ బరువైన మాట. అందులో భయం, బెదిరింపు, అవతలివాడి ప్రశాంతత పోవడం ఉంటాయి, చట్టాల్లోకి ఎక్కిన మాట అది. బ్రిటన్‌లో 1997లో దాని పేరుతోనే ఒక చట్టం వచ్చింది. వేధింపులు అని రాయాల్సింది దీనికే.

నాగ్ స్కాండినేవియా వైపు నుంచి వచ్చింది, అక్కడి భాషల్లో కొరకడం, నమలడం అనే అర్థం. ముసలి గుర్రాన్ని కూడా నాగ్ అంటారు గానీ దానికీ దీనికీ సంబంధం లేదు. నాగ్ చేయడానికి ఒకే ఇంట్లో ఉండాలి, లేదా అంత చనువైనా ఉండాలి. భర్త తడి తువ్వాలు మంచం మీద పడేశాడని రోజూ అనడం నాగ్. తెలుగులో సాధించడం, సణగడం, నస పెట్టడం దీనికి సరిగ్గా అతుకుతాయి. దారిన పోయేవాడు మిమ్మల్ని పెస్టర్ చేయగలడు, నాగ్ చేయలేడు.

బాడ్జర్ ఒక జంతువు పేరు. పూర్వం ఇంగ్లండులో దాన్ని ఒక గూట్లో పెట్టి కుక్కల్ని ఉసిగొల్పి చూడటం ఒక వేడుక, 1835లో చట్టం చేసి నిషేధించారు. ఈ క్రియలో ఒక తమాషా ఉంది. బాడ్జర్ చేయడమంటే ఆ జంతువులా ప్రవర్తించడం కాదు, ఆ జంతువుకి కుక్కలు చేసింది మనిషికి చేయడం. అందుకే ఇది ఎక్కువగా ప్రశ్నలతో వస్తుంది. కోర్టులో లాయరు సాక్షిని ఊపిరి తిప్పుకోనివ్వకుండా ప్రశ్నలతో చుట్టుముట్టడం బాడ్జర్. ఒత్తిడి పెంచి లొంగదీసుకోవడం ఉంది, పెస్టర్‌లో ఉన్న చిన్నపిల్లల చేష్ట ఇందులో లేదు.

ఇంపోర్ట్యూన్ వీటన్నిటిలో పెద్దమనిషి. దీని పుట్టుక నాకు పెస్టర్ కన్నా అందంగా అనిపిస్తుంది. లాటిన్‌లో పోర్టుస్ అంటే రేవు. ఓడను రేవు వైపు తోసే గాలి ఒప్పోర్టూనుస్, అంటే అనువైనది. ఆపర్చూనిటీ దాని నుంచే. దానికి ఎదురు మాట ఇంపోర్టూనుస్, రేవుకు చేరనివ్వనిది, అననుకూలమైనది, వేళకాని వేళ వచ్చి ఇబ్బంది పెట్టేది. రోమన్లకు రేవుల దేవుడు పోర్టూనుస్ అని ఉండేవాడు, ఆయన గుడి రోమ్‌లో ఇప్పటికీ నిలబడి ఉంది. ఈ మాట ఇంగ్లీషులో ప్రాచుర్యం పొందడానికి బైబిల్ కూడా కారణమే. అర్ధరాత్రి స్నేహితుడి తలుపు తట్టి రొట్టెలు అడిగినవాడి ఉపమానం లూకా సువార్త 11వ అధ్యాయంలో ఉంది. స్నేహం కోసం కాకపోయినా అతడు అలా అడుగుతూనే ఉన్నందుకైనా లేచి ఇస్తాడంటాడు యేసు. ఆ అడగడానికి 1611 నాటి ఇంగ్లీషు బైబిల్ ఇంపోర్ట్యూనిటీ అనే మాట వాడింది. గ్రీకు మూలంలో ఉన్న మాటకు అర్థం సిగ్గు లేకపోవడం. తెలుగు బైబిల్లో "సిగ్గుమాలి మాటిమాటికి అడుగుట" అని రాశారు. ఇంపోర్ట్యూన్‌కి ఇంతకన్నా మంచి తెలుగు నేను చూడలేదు. ఇంగ్లీషులో ఇంపోర్ట్యూన్ మాత్రం ఇప్పుడు పుస్తకాల మాటే. మాటల్లో వాడితే ఎదుటివాడు ఒకసారి ఆగి చూస్తాడు.

అయితే ఇంపోర్ట్యూన్ చేసేవాడికి నిజంగా అవసరం ఉంటుంది, దేబిరించడం దాకా పోతుంది. పెస్టర్‌కి అంత అవసరం అక్కర్లేదు. ఈగ కూడా పెస్టర్ చేస్తుంది.

పిల్లల గురించి అన్నాను కాబట్టి ఒక జంటమాట కూడా తెలుసుకోండి: పెస్టర్ పవర్. పిల్లలు అడిగి అడిగి తల్లిదండ్రుల చేత వస్తువులు కొనిపించే శక్తి అది. 1970ల చివర్లో అమెరికాలో మొదలై ప్రకటనల రంగంలో స్థిరపడింది. టీవీలో కార్న్‌ఫ్లేక్స్ లాంటి డబ్బానో బొమ్మనో చూపించేది పిల్లలకి, డబ్బు తీసేది పెద్దలు, మధ్యలో పని చేసేది ఈ సతాయింపు. ఇది వట్టి చమత్కారం కాదు, చట్టం దాకా వెళ్ళింది. యూరోపియన్ యూనియన్ 2005లో తెచ్చిన అనుచిత వ్యాపార పద్ధతుల ఆదేశంలో ఎప్పుడూ నిషిద్ధమైనవాటి జాబితా ఒకటుంది. ఇది కొనండి అనో, మీ అమ్మానాన్నల చేత కొనిపించండి అనో ప్రకటనలో పిల్లలకు నేరుగా చెప్పడం ఆ జాబితాలోనిదే. పిల్లలు సతాయించడం నేరం కాదు, వ్యాపారి వాళ్ళను సతాయించమని పురమాయించడం నిషిద్ధం.

వాడుక సంగతి. పెస్టర్ తర్వాత మనిషి వస్తాడు, ఆ తర్వాత విషయం. ఏదో కావాలని అడిగితే 'ఫర్' తో, ప్రశ్నలూ ఫోన్లూ అయితే 'విత్' తో, ఏదో చేయమని అడిగితే 'టు' తో. చివరికి సాధించుకుంటే 'ఇన్‌టు': సతాయించి సతాయించి ఒప్పించారని చెప్పడానికి "దే పెస్టర్డ్ హిమ్ ఇన్‌టు అగ్రీయింగ్". ఇది తెలుగులో రెండు మూడు క్రియలు పెట్టి చెప్పాల్సినదాన్ని ఒక్క ఊపులో చెబుతుంది. మనవాళ్ళు ఇంగ్లీషు మాట్లాడుతూ ఇలాంటి చోట "టార్చర్ చేస్తున్నాడు" అనే అలవాటు కొద్దీ టార్చర్ వాడేస్తారు. తెలుగు మాటల మధ్య ఆ టార్చర్ తేలికైపోయింది, ఎవరూ పట్టించుకోరు. ఇంగ్లీషు వాక్యంలో అది ఇంకా చిత్రహింసే. "మై కొలీగ్ ఈజ్ టార్చరింగ్ మీ ఫర్ ద రిపోర్ట్" అంటే వినేవాడు కంగారు పడతాడు. అక్కడ కావలసిందే పెస్టర్.

మెయిల్ విషయానికొస్తే, "సారీ టు పెస్టర్ యూ" తప్పు కాదు. తనను తాను కాస్త తగ్గించుకుని మాట్లాడే పద్ధతి, "మళ్ళీ విసిగిస్తున్నాను, ఏమనుకోకండి" అన్నట్టు. రెండోసారో మూడోసారో గుర్తు చేస్తున్నప్పుడు, అదీ కాస్త పరిచయం ఉన్నవాళ్ళకు రాయండి. మొదటి మెయిల్‌లోనే రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది, ఇంకా సతాయించడమే మొదలుపెట్టలేదు కదా. పెద్ద హోదాలో ఉన్నవారికి, కొత్త క్లయింటుకి "సారీ టు బాదర్ యూ" సురక్షితం, లేదా క్షమాపణ లేకుండా "ఫాలోయింగ్ అప్ ఆన్" అని మొదలుపెట్టి ఏ తేదీ మెయిల్ గురించో చెప్పేయండి. తిరగేసి మాత్రం ఎప్పుడూ రాయకండి. "యూ ఆర్ పెస్టరింగ్ మీ" అని రాశారంటే అవతలివాళ్ళను చిన్నపిల్లల్ని చేసి మందలించినట్టే. వాళ్ళు నిజంగానే సతాయిస్తున్నా, "శుక్రవారానికి పంపిస్తాను, అప్పటిదాకా ఆగండి" అని రాస్తే ఆ మెయిళ్ళు ఆగుతాయి.